తెర వైపు తిరిగి కూర్చున్న గంట

చెట్టు మీద నుంచి పడిన ఎనిమిది నెలలకు మా దోస్తు కంప్యూటర్ తెర మీద రాసిన మొదటి మాట, "ఫ్యాన్ తక్కువ వెట్టుండ్రి."

వాడి భార్య ఆ ముక్క చదివింది. లేచి రెగ్యులేటర్ తిప్పింది. అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. వాడికి ఉక్కపోస్తుందేమోనని ఎనిమిది నెలలుగా ఆమె ఫ్యాన్ జోరుగా పెడుతూ వచ్చింది. చలికాలంలోనూ ఆపలేదు. మెడ కింది శరీరం మీద వాడికి ఏ అధికారమూ లేదు. చలి పుడితే వణకడానికి కూడా లేదు.

"ఎన్నొద్దులసంది సలి వెడ్తుంది నీకు?" అని అడిగింది.

వాడు తల మెల్లగా అటూ ఇటూ కదిపాడు. తెర మీద బాణం ఒక్కో అక్షరం మీద ఆగుతూ పోయింది. "మొదటిసంది" అని రాశాడు.

ఆ కంప్యూటర్ అక్కడ పెట్టింది నేనే. జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. వాడూ నేనూ కోరుట్లలో ఇంటర్ చదివాం. రెండేళ్ళు ఒకే అద్దె గదిలో ఉన్నాం. ఆ తర్వాత నేను డిగ్రీకి జగిత్యాల వచ్చాను. వాడు కథలాపూర్ దగ్గరి తమ ఊరికి పోయి తండ్రి మోకు అందుకున్నాడు. కల్లు గీసేవాళ్ళు తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు అది. పదిహేనేళ్ళకు పైగా ఎక్కిన చెట్టు మీదనే ఒక పొద్దున అది తెగింది.

ప్రాణం దక్కింది. చేతులూ కాళ్ళూ పోయాయి. ఊపిరి ఆడటానికి గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఆ గొట్టాన్ని మళ్ళీ తీయలేకపోయారు. దాంతో మాట కూడా పోయింది. చూపు, వినికిడి, కొంచెం మెడ, పెదవులు, నాలుక మిగిలాయి. పెదవులు కదిలిస్తే వాడి భార్య కొన్ని మాటలు పట్టుకునేది. నీళ్ళు, దోమ, నొప్పి, అలాంటివి. నాకు అవి కూడా తెలిసేవి కావు. ఎవరినైనా పిలవాలంటే నాలుకను అంగిలికి కొట్టి టక్కుమనిపించేవాడు. ఒకసారి అంటే ఇటు రమ్మని. వరసగా రెండుసార్లు అంటే తొందరగా రమ్మని.

కాలేజీలో మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. విండోస్‌ను అది మోయలేకపోయింది, బదులుగా తేలికగా నడిచే లినక్స్ వేశాను. తల కదలికను కెమెరాతో పట్టుకుని బాణాన్ని కదిలించే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరికింది. తెలుగు అక్షరాల పలక తెర మీదనే ఉంటుంది. ఒక అక్షరం మీద బాణం కాసేపు నిలిస్తే ఆ అక్షరం పడుతుంది. ఆ కంప్యూటర్‌లో తెరకు బొమ్మ పంపే భాగం కాలిపోయి ఉంది. అందుకని ఎవరో వాడుకుని అమ్మేసిన గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాను. కార్డుకూ సిస్టమ్‌కూ మధ్య డ్రైవర్ అనే ప్రోగ్రాం ఒకటి ఉండాలి. లినక్స్‌తో వచ్చే మామూలు డ్రైవర్ వేస్తే, కెమెరా తెరవగానే తెర బిగుసుకుపోయేది. కార్డు కంపెనీవాళ్ళ డ్రైవర్ వేస్తేనే సాఫీగా నడిచింది. అది కుదరడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

రెండేళ్ళు అదే వాడి గొంతు. నేను గుమ్మంలో కనబడగానే తెర మీద పెట్టడానికి ఒక బూతుమాట ముందే రాసి ఉంచుకునేవాడు. ఊరివాళ్ళు వచ్చి మంచం పక్కన కూర్చుంటే వాళ్ళకు దరఖాస్తులు రాసిపెట్టేవాడు. ఒక్కో దరఖాస్తుకు ఒక పూట పట్టేది. ఎవరూ తొందరపెట్టేవాళ్ళు కాదు. ఎవరో ఏదో తప్పు చెబితే రాయడం ఆపి, "నిజం చెప్పు" అని పెద్ద అక్షరాలు కొట్టేవాడు. వాడి భార్య అదే గదిలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. తలెత్తి తెర చూసేది, నవ్వేది, మళ్ళీ చుట్టుకునేది.

వాడు రాసిన కాగితం ఒకటి మంచానికి పైన గోడ మీద అంటించి ఉండేది. డాక్టర్ చెప్పిన మాటలు. ముఖం ఎర్రబడి, చెమటలు కారి, తల పగిలేంత నొప్పి వస్తే ముందు మూత్రం గొట్టం చూడాలి. అది ఎక్కడైనా నొక్కుకుపోతే నెత్తురు పోటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. వాడు రాస్తే జగిత్యాలలో ప్రింటు తీయించి తెచ్చి అంటించింది నేనే.

ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది. అప్పుడు నేను సిరిసిల్లలో అత్తగారింట్లో ఉన్నాను. మా మామకు కంటి ఆపరేషన్.

"అన్నా, గా టీవీ నల్లగైంది. పొద్దుగాల వెట్టినసంది ఏమత్తలేదు."

"డబ్బకు లైటు వెలుగుతుందా చెల్లె?"

"వెలుగుతుంది. టీవీల ఒక గీత కొట్టుకుంటుంది, గంతే."

నల్లటి తెర, పైన మూలన మిణుకుమనే గీత. ఇలాంటివి ల్యాబ్‌లో చాలా చూశాను. డ్రైవర్ సమస్యే అనిపించింది, కానీ కార్డు కదిలిందేమో అన్న అనుమానమూ ఉంది. ఆపి మళ్ళీ పెట్టమన్నాను. అదే గీత.

"ఎల్లుండి అస్త చెల్లె. అప్పటిదాక జర ఓపిక వట్టుండ్రి."

"గా మాటేదో నువ్వే చెప్పు. ఫోను చెవుకాడ వెడ్త" అంది. వాడి ఊపిరి గొట్టంలోంచి వచ్చే గరగర వినిపించింది. "ఎల్లుండి అస్తరా" అన్నాను. అటు నుంచి టక్కుమని ఒక చప్పుడు వచ్చింది.

మామ ఆపరేషన్ ఆ రోజే అయిపోయింది. మర్నాడు నాకు సిరిసిల్లలో ఏ పనీ లేదు. గంటన్నర ప్రయాణం. అయినా పోలేదు. అన్నం తిని, వీధిలో మగ్గాల చప్పుడు వింటూ మధ్యాహ్నం నిద్రపోయాను. ఎల్లుండి అన్నాను కదా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున కోరుట్ల బస్సెక్కి కథలాపూర్‌లో దిగి, ఆటోలో వాళ్ళ ఊరికి పోయాను. వాడు మంచం మీద, తల కింద రెండు దిండ్లతో ఉన్నాడు. నన్ను చూసి కళ్ళు ఎగరేశాడు. తెర మీద బూతుమాట లేదు, మిణుకుమనే గీత ఉంది.

"మూడొద్దులాయె, ఆయన మాట్లాడ్తలేడు" అంది ఆమె. వాడు రాయడాన్ని ఆ ఇంట్లో మాట్లాడటం అనే అనేవాళ్ళు. "నిన్న ఇద్దరు అచ్చి కూసుండి కూసుండి పోయిండ్రు. అన్నా, నేను బీడీలు కార్ఖానల ఇచ్చి అస్త. గంట వడ్తది. జర సూస్కో ఆయన్ను."

"పోయి రా చెల్లె, నేనున్న గదా."

ఆమె బీడీల గంప ఎత్తుకుని పోయింది.

ముందు కార్డు సంగతి తేల్చుకుందామనుకున్నాను. కంప్యూటర్ డబ్బా ఇనుప టేబుల్ మీద, మంచానికీ గోడకూ మధ్య ఉంది. డబ్బా పక్క రేకు విప్పడానికి చెయ్యి దూరడం లేదు. టేబుల్‌ను మంచం వైపు జరిపాను. అది మంచం పట్టెకు తగిలి ఆగింది. ఇంకాస్త నెట్టాను. నేను గోడ పక్కన ముక్కాలి పీట మీద, వాడి కాళ్ళ వైపు తిరిగి కూర్చున్నాను. వాడి తల నా వీపు వెనకకు వచ్చింది. తెరను నా వైపు తిప్పుకున్నాను.

కార్డు తీసి, దుమ్ము ఊది, మళ్ళీ గట్టిగా బిగించాను. తెర మారలేదు. అంటే కార్డు బాగానే ఉంది, డ్రైవరే చెడింది. కీబోర్డు మీద మూడు మీటలు నొక్కితే బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే ఉండే తెర వస్తుంది. అది వచ్చింది. ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయడం మొదలుపెట్టాను. ఆ ఊళ్ళో సిగ్నల్ అంతంత మాత్రం. శాతం అంకె ఒక్కొక్కటిగా పెరుగుతోంది.

వెనక నుంచి టక్కుమంది.

"ఆగురా, ఐతుంది" అన్నాను.

డౌన్‌లోడ్ అయింది. వరసలు పైకి పరుగెత్తాయి. చివర తప్పు చూపించింది. కొత్త కెర్నెల్‌కు ఈ డ్రైవర్ తయారు కావడం లేదని. సిస్టమ్ మొత్తాన్ని నడిపే అసలు భాగాన్ని కెర్నెల్ అంటారు. వాడి కంప్యూటర్‌లో అప్‌డేట్లు తమంతట తామే దిగేలా నేనే వదిలేశాను. ఏదో రాత్రి కొత్త కెర్నెల్ దిగింది. పాత కార్డు, పాత డ్రైవర్ దానితో పొసగలేదు. సంగతి అంత వరకు దొరికినందుకు నాకు ఉత్సాహం వచ్చింది.

టక్ టక్. టక్ టక్.

"అరేయ్, తిట్టకు. దొరికిందిరా. పది నిమిషాలు."

వాడు తిడుతున్నాడనే అనుకున్నాను. మూడు రోజులు మాట లేక కూర్చున్నవాడు, ఓపిక చచ్చి నన్ను తొందరపెడుతున్నాడనుకున్నాను. ఇంకో వెర్షన్ డ్రైవర్ వెతికాను. అది ఈ కార్డుకు పనికిరాదు. ఇంటర్నెట్‌లో ఒక ఫోరంలో ఎవరో ఇదే బాధ రాశారు. కింద జవాబులు చదువుతూ పోయాను. వెనక చప్పుడు వరసగా వస్తూనే ఉంది. కాసేపటికి తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

ఆగినందుకు నాకు హాయిగా అనిపించింది. ఈ ఒక్క సంగతి నేను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

ఫోరంలో ఎవరో చెప్పినట్టు, కంప్యూటర్ ఆపి పెట్టి, షిఫ్ట్ మీట నొక్కి పట్టుకున్నాను. జాబితా వచ్చింది. అందులో పాత కెర్నెల్ ఇంకా ఉంది. దాన్ని ఎంచుకున్నాను. రెండు నిమిషాల్లో తెర వెలిగింది. వాడి అక్షరాల పలక, వాడి నీలం రంగు వెనుకతెర, అన్నీ ఎప్పటిలాగే వచ్చాయి.

"అచ్చిందిరా!" అని తెరను వాడి వైపు తిప్పాను. కెమెరా వాడి ముఖాన్ని పట్టుకుంది. బాణం తెర మూలన గిలగిలా కొట్టుకుంటోంది. కెమెరా సర్దాలనుకున్నాను. దాని మీద చెయ్యి వేసి, అప్పుడు వాడి ముఖం చూశాను.

ముఖం కందగడ్డ రంగులో ఉంది. చెమటకు దిండు తడిసి ముద్దయింది. కనుగుడ్లు పైకి తేలాయి. ఎడమ వైపు నోటి మూల జారి, సొల్లు చెవి దాకా కారింది. తల మాత్రం సన్నగా వణుకుతోంది. బాణం ఆ వణుకునే చూపిస్తోంది.

వాడి పేరు పెట్టి పిలిచాను. భుజం పట్టి కుదిపాను. గోడ మీద కాగితం నా కళ్ళకు మూరెడు దూరంలో ఉంది. దాన్ని చూడలేదు. వాకిట్లోకి ఉరికి అరిచాను. అప్పుడే వాడి భార్య ఖాళీ గంపతో సందు మలుపు తిరిగింది. నా అరుపు విని గంప వదిలేసి పరుగెత్తింది.

ఆమె వాడి ముఖాన్ని ఒక్క క్షణమే చూసింది. వెంటనే వంగి మంచం పక్కకు చూసి, నడుముతో టేబుల్‌ను గోడ వైపు ఒక్క నెట్టు నెట్టింది. మంచం పట్టెకూ టేబుల్ కాలుకూ మధ్య చదునైపోయిన గొట్టం బయటపడింది. దాన్ని వేళ్ళతో పిసికి సాఫు చేసింది. మూత్రం సంచిలోకి దూకినట్టు పడింది. వాడి చంకల కింద చేతులు వేసి ఎత్తి కూర్చోబెట్టింది.

"ఏం జరిపినవ్ అన్నా? టేబుల్ నువ్వు జరిపినవా?"

"జరిపిన చెల్లె."

ఆటోలో వాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కోరుట్ల ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టర్ పోటు చూసి, మందు వేసి, జగిత్యాలకు పంపాడు. తలలో నరం చిట్లిందన్నారు. చిన్నదే అన్నారు. పెద్దదైతే దారిలోనే పోయేవాడన్నారు.

జగిత్యాల ఆస్పత్రి వరండాలో రెండో రోజు ఆమె నా పక్కన కూర్చుంది. నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి.

"అన్నా, ఒకటి అడుగుత. ఆయన నిన్ను పిల్వలేదా?"

"లేదు చెల్లె" అన్నాను. "ఒక్కసారిగ అయింది. నేను సూస్తనే ఉన్న."

"గట్లనా" అని నేల చూసింది. "నాలుక సుత ఆడకపాయెనేమో పాపం. ఎంత తండ్లాడిండో."



పదకొండు రోజుల తర్వాత ఇంటికి పంపారు. ఆ మర్నాడు నేను పోయి కంప్యూటర్ సరిచేశాను. ఎప్పుడూ పాత కెర్నెల్‌తోనే లేచేలా పెట్టాను, అప్‌డేట్లు ఆపేశాను. మొత్తం పది నిమిషాల పని. షిఫ్ట్ నొక్కి పట్టుకో చెల్లె, కిందికి రెండుసార్లు, ఎంటర్ కొట్టు, అని సిరిసిల్ల నుంచి ఫోన్‌లో చెప్పినా ఆమె చేసుకునేది. మీటలు కెలుకుతుంటే అది అప్పుడు తెలిసింది.

తెరను వాడి ముందు పెట్టాను. ముఖం ఎడమ సగం జారిపోయింది. మెడ ఇదివరకటిలా నిలవడం లేదు. బాణం ఒక అక్షరం దగ్గరికి పోయి, జారి, మళ్ళీ పోతోంది. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని మా ఇద్దరికీ దగ్గరగా కూర్చుంది. ఆకు కత్తిరిస్తూ తెర చూస్తోంది. దాదాపు అరగంట పట్టింది.

"నేను పిలిసిన" అని పడింది.

ఆమె కత్తెర ఆగింది. వాడు ఆపలేదు. బాణం మళ్ళీ వెతుక్కుంటూ పోయింది.

"నువ్వు విన్నవ్."

ఆమె నా వైపు తిరిగింది.

"విన్నవా?"

"విన్న."

"మరి నాకు గట్లెందుకు చెప్పినవ్?"

"భయమైంది."

చాట పక్కన పెట్టి లేచి లోపలికి పోయింది. పోయి చాయ్ పెట్టింది. ఆ ఇంట్లో ఎప్పుడూ చాయ్ నా చేతికే ఇచ్చేది. ఆ రోజు గ్లాసు టేబుల్ మీద పెట్టి, "తాగుండ్రి సారు" అంది. అంతకుముందు నన్ను ఎన్నడూ సారు అనలేదు. ఆ తర్వాత మళ్ళీ అన్నా అని పిలవలేదు.

నేను పోవడం మానలేదు. రెండు వారాలకొకసారి, ఆదివారం. వాడి దగ్గర కూర్చుని, తప్పయిపోయిందిరా అని ఒకసారి అన్నాను. వాడు నన్ను చూసి, "కంప్యూటర్ మంచిగ చేసినవ్" అని రాశాడు. ఎత్తిపొడిచాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు. జారిన ముఖంలో నవ్వుకూ నొప్పికీ తేడా కనిపించడం మానేసింది. దరఖాస్తులు రాయడం వదిలేశాడు. రోజుకు నాలుగైదు మాటలు. అవి కూడా ఆమెకే. నీళ్ళు. పక్క తిప్పు. తలుపు తెరువు.

తర్వాతి వానాకాలంలో కఫం పట్టింది. జగిత్యాల ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉన్నాడు. కాలేజీ అవగానే రోజూ పోయి మంచం పక్కన, వాడి ముఖం వైపే కూర్చున్నాను. ఒక్కసారి కూడా నాలుక చప్పుడు చేయలేదు. ఐదో రోజు పొద్దున పోయాడు.

దినాలన్నీ అయిపోయిన కొన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. "సారు, గా కంప్యూటర్ తీస్కపోండ్రి. గా జాగల ఆకు సంచులు వెట్టుకుంట."

ఆటో మాట్లాడుకుని పోయాను. ఆమె తెర మీద దుమ్ము తుడిచి, గుడ్డ కప్పి ఉంచింది. వైర్లు తీసి, డబ్బా ఎత్తి ఆటోలో పెట్టి వచ్చాను. తెర తీసుకుపోబోతుంటే గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"గా రోజు ఎన్నిసార్ల పిలిసిండు?"

ఈసారి అబద్ధం చెప్పలేదు. "మొదలు ఒకసారి. ఎనక రెండు రెండుసార్ల. ఆ తర్వాత శాన పిలిసిండు. నేను లెక్కవెట్టలేదు."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలుంటదేమో."

ఆమె తల ఊపింది. ఏడవలేదు, తిట్టలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చింది. తెరను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. డ్రైవర్ బండి తీస్తుండగా ఆమె లోపలి నుంచి గబగబా వచ్చింది. ఆమె చేతిలో నేను మరిచిపోయిన కరెంటు వైరు చుట్ట చుట్టి ఉంది. దాన్ని నా చేతికి ఇవ్వకుండా సీటు మీద పెట్టి, ఇంట్లోకి పోయింది.